బాటలో ఆకులు

డోంబుర్గ్, 12 ఫిబ్రవరి 1995

ఏమే అలైదా,

తుంటి ఎముక అతుక్కుంటోందట. డాక్టరు చెప్పాడు, నర్సు కాగితం మీద రాసి చూపించింది. దయచేసి ఈ ఆస్పత్రికి ఫోన్ చెయ్యకు. మొన్న నువ్వు చేస్తే నన్ను కుర్చీలో తోసుకుంటూ వరండా చివరిదాకా తీసుకెళ్ళారు. నువ్వన్నది ఒక్క ముక్క వినపడలేదు గానీ నేను అరిచింది పై అంతస్తు దాకా వినపడిందట. చెవిటివాడికి ఉత్తరమే సుఖం.

మంచు పట్టిన గ్రీన్‌హౌస్ పైకప్పు మీదికి ఈ వయసులో ఎవరెక్కమన్నారని నువ్వు అడగక్కర్లేదు. మీ అమ్మ ఆ పని చేసేసింది. నా చెల్లెలు కదా, నన్ను తిట్టడానికి ఎంత దూరమైనా వస్తుంది.

నా గదిలో మరీనస్ అని ఒకాయన ఉన్నాడు. సముద్రంలో ఆల్చిప్పలు పెంచే మనిషి. మోకాలు మార్పించుకున్నాడు. నేను టమాటాలు పండిస్తానంటే "ఆ నీళ్ళబుడగలా?" అన్నాడు. అప్పట్నుంచి మా ఇద్దరికీ మంచి స్నేహం.

అసలు సంగతికొస్తాను. ఈ ఏడు గ్రీన్‌హౌస్ నీ చేతిలో పెడుతున్నాను. బడి వదిలినప్పట్నుంచీ నా వెంట తిరిగావు, నీకు రాని పని లేదు. శరత్కాలంలో తీగలు పీకేసే నాటికి తోట తోటలా ఉంటే ఇక అది నీదే. లేదంటే పక్క తోట ఆరెండ్‌కి ఇచ్చేస్తాను. నా కట్టు ఆరకముందే రెండుసార్లు అడిగాడు. మధ్య గోడ తీయించి రెండూ కలిపేస్తాడట.

శనివారం మధ్యాహ్నం బాటలు ఊడవడం మాత్రం మర్చిపోకు. ఆదివారం చర్చి నుంచి నడిచొచ్చే ప్రతివాడూ మన గాజు గోడల్లోంచి తొంగి చూస్తాడు. నాకేసి చూసి తల ఊపి వెళ్తాడు. మా నాన్న హయాం నుంచీ మన తోటలో రొట్టెముక్క కింద పడితే తీసి తినేవాళ్ళు. ఆ పేరు పోకూడదు.

నీ మామయ్య,
క్రైన్


డి లీర్, 3 మార్చి

మామయ్యా,

నీ ఉత్తరం అందింది. అమ్మకు చదివి వినిపించాను. "తిట్టడానికి" అన్న మాట దగ్గర రెండోసారి చదవమంది.

మొక్కలు నడుమెత్తు దాటాయి, మొదటి గుత్తి పూసింది. నీకో సంగతి చెప్పాలి. ముందు కూర్చో. అవునులే, కూర్చునే ఉంటావు.

ఈ ఏడు నేను పురుగుల మందు కొట్టను. పూలను కదిపి కాయ పట్టించడానికి తుమ్మెదల పెట్టెలు తెప్పించాను. ఒక్కసారి మందు కొట్టానంటే అవన్నీ చచ్చి కింద పడతాయి. అందుకని తెల్లదోమ మీదికి వేటపురుగుల్ని వదిలాను. సన్నగా, పచ్చగా, పొడుగు కాళ్ళతో ఉంటాయి. ఆకు మీద కూర్చుంటే ఆకులో కలిసిపోతాయి. దోమ గుడ్లనూ పిల్లల్నీ పొడిచి పీల్చేస్తాయి. వీబె అని పురుగుల కంపెనీ సలహాదారు వచ్చి సీసాలోంచి ఆకుల మీద చల్లి వెళ్ళాడు. వాటికి తొందర లేదు, మనమే ఓపిక పట్టాలన్నాడు. కాడల్లోపల గుడ్లు పెడతాయట. అవి పిల్లలై, పిల్లలు మళ్ళీ గుడ్లు పెట్టి, తోటంతా పరుచుకునేసరికి వసంతం గడిచిపోతుంది.

కోపం వస్తుందని తెలుసు. కానీ మామయ్యా, మందు కొట్టిన మర్నాడు నువ్వు చర్చిలో దగ్గే దగ్గుకి పాదిరి ప్రసంగం ఆపి నీకేసి చూడ్డం నాకు గుర్తే. వెనక బెంచీలో ఆరెండ్ బాబాయి పక్కనుంచి కోబా పిన్ని నీకు పిప్పరమెంటు అందించేది. నాకా దగ్గు వద్దు.

అమ్మ అల్లిన మేజోళ్ళు పంపుతున్నాను. ఒకటి కాస్త పొడుగొచ్చింది. కట్టున్న కాలికి వేసుకో.

అలైదా


డోంబుర్గ్, 11 మార్చి

వేటగత్తెకి,

మా తాత జీవితమంతా పురుగుల్ని తోటలోంచి తరిమాడు. మా నాన్న తరిమాడు. నేను తరిమాను. నువ్వు సీసాలో పెట్టి పిలిపించుకుంటున్నావు. సరే, వచ్చినవాటికి కాఫీ బిస్కెట్లు ఇచ్చావా లేదా?

మరీనస్‌కి చదివి వినిపించాను. నవ్వుతాడనుకున్నాను. "ఎవరిని ఎవరు తింటారో తెలిసినవాడే సముద్రంలో బతుకుతాడు" అన్నాడు. అతనితో మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

ఈ ఏడు నీది, బుర్ర నీది. మాటిచ్చాక వెనక్కి తీసుకోను. దగ్గు సంగతి ఇంకెప్పుడూ ఎత్తకు. ఆ పిప్పరమెంట్లు నాకిష్టమై తీసుకునేవాణ్ణి.

ఒక్కటే అడుగుతున్నాను. పురుగుల్ని పెంచు, పిట్టల్ని పెంచు, శనివారం బాటలు మాత్రం శుభ్రంగా ఉండాలి.

మేజోళ్ళు బాగున్నాయి. పొడుగుది మరీనస్ కొట్టేశాడు.

క్రైన్


డి లీర్, 18 ఏప్రిల్

మామయ్యా,

కనిపించాయి! ఇవాళ పొద్దున మూడో వరుసలో ఒక ఆకు తిప్పి చూస్తే పిల్ల వేటపురుగు ఒకటి దోమపిల్ల మీద కూర్చుని తీరిగ్గా భోంచేస్తోంది. నేనక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఎంతసేపు చూశానో, కాఫీ చల్లారిపోయింది. నీకు చూపించాలనిపించింది. నువ్వు తిట్టేవాడివి, కానీ కళ్ళజోడు పైకి తోసుకుని మరీ చూసేవాడివి.

తుమ్మెదలు ఎండొస్తే చాలు పనిలోకి దిగుతున్నాయి. కర్రతో తీగలు కదుపుతూ తిరిగే పని తప్పింది. మొదటి కాయలు వేలానికి వెళ్ళాయి. అక్కడివాళ్ళు ఒక కాయ కోసి తిని తల ఊపారు. మరీనస్ గారికి నీళ్ళబుడగలు ఒక డబ్బాలో పంపుతున్నాను, తినిచూసి మాట్లాడమను.

కోబా పిన్ని నిన్న జెరేనియం కొమ్మలు తెచ్చిచ్చింది. వాళ్ళ వంటింటి వెనక చిన్న గాజుగదిలో ఇంటికి సరిపడా టమాటాలూ ఈ పూలూ వేసుకుంటుంది కదా, అందులోవి. మన కిటికీలో పెట్టాను. ఆరెండ్ బాబాయి మాత్రం గాజుగోడ అవతల నిలబడి తోటను కళ్ళతోనే కొలుస్తున్నాడు.

అలైదా


డోంబుర్గ్, 2 మే

అలైదా,

నిన్న ఆరెండూ కోబా నన్ను చూడ్డానికి వచ్చారు. కేకు తెచ్చారు. కేకుతోబాటు కబురూ తెచ్చారు.

మన తోటలో కోసిన ఆకులు ఎక్కడివక్కడే పడి ఉంటున్నాయట. శనివారం కూడా ఎత్తడం లేదట. ఆదివారం చర్చి నుంచి వచ్చేవాళ్ళు మన గోడ దగ్గర ఆగి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పోతున్నారట. ఆరెండ్ చెబుతుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మరీనస్ వినీ విననట్టు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అదింకా సిగ్గనిపించింది.

మందు కొట్టనన్నావు, ఊరుకున్నాను. అంటే పని చెయ్యనని కాదుగా? చేతకాకపోతే చెప్పు. ఓపిక లేకపోతే అదైనా చెప్పు. చెత్తలో పండిన పంట నా పేరు మీద వేలానికి వెళ్ళడానికి వీల్లేదు.

క్రైన్


డి లీర్, 5 మే

మామయ్యకు,

నువ్వు నా మాట అడగలేదు, ఆరెండ్ బాబాయి మాట విన్నావు. అయితే ఆయన కళ్ళతోనే చూస్తూ ఉండు. నేనేం చెప్పినా సంజాయిషీలాగే ఉంటుంది గనక చెప్పను. ఆకులు అక్కడ ఎందుకున్నాయో నాకు తెలుసు. నా పని నేను చేస్తున్నాను.

అమ్మ కులాసా.

అలైదా


డోంబుర్గ్, 10 మే

నా తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివినప్పుడల్లా పొట్టిగా అనిపించింది. నీ కోపం మా అమ్మ కోపమే. ఆవిడా ఇంతే, కోపం వస్తే మాటలు తగ్గిపోయేవి.

తప్పు నాదే. అంత తోట ఒక్కదానివి చూసుకుంటున్నావు. కాయ కోసి, తీగ చుట్టి, ఆకు తుంచి, మళ్ళీ శనివారం చీపురు పట్టమంటే ఎవరివల్ల అవుతుంది? సాయం అడగడం నీకు చిన్నతనం. నాకూ అంతే. అందుకే నాకర్థమైంది.

వచ్చే శనివారం కాక పై శనివారం, ఇరవయ్యో తారీఖున, పొద్దున బండెక్కి ఇక్కడికి రా. ఒక్కరోజు తోట మొహం చూడకు. సముద్రం ఒడ్డున కూర్చుందాం. నేనిప్పుడు రెండు కర్రలతో ఇసుక దాకా నడవగలను. మరీనస్ నిన్ను చూడాలంటున్నాడు. నువ్వు పంపిన డబ్బా మొత్తం తినేశాడు, ఒక్క ముక్క మెచ్చుకోలేదు. ఈ జీలండ్ తీరం వాళ్ళు అంతే.

పని సంగతి నాకొదిలెయ్యి.

మామయ్య


డోంబుర్గ్, 23 మే

అలైదా,

నువ్వొచ్చి వెళ్ళాక ఈ గది చిన్నదైపోయింది. నువ్వు ఆల్చిప్పలు తినలేక పడ్డ పాట్లు మరీనస్ ప్రతి నర్సుకీ చెబుతున్నాడు.

ఈపాటికి చూసే ఉంటావు! చెప్పు, తలుపు తీసేసరికి ఎలా ఉంది? నువ్వు ఇక్కడ నాతో కూర్చున్న ఆ పూటే ఆరెండూ చర్చి మగాళ్ళు ఇంకొందరూ కలిసి తోటంతా శుభ్రం చేశారు. నేనే ఉత్తరం రాసి అడిగాను. మన వీధిలో ఎవరైనా పడిపోతే అందరం కలిసి చెయ్యడం ఉన్నదేగా. కింద ఒక్క ఆకు మిగలకుండా ఎత్తి బండికెత్తమన్నాను. పనిలో పనిగా తీగల మీద కింది ఆకులు కూడా, ఎప్పటికన్నా రెండు జానలు పైదాకా తుంచెయ్యమన్నాను, నీకు మళ్ళీ పదిహేను రోజులు ఆ పని ఉండకూడదని. ఆదివారం జనం చూసి మెచ్చుకున్నారని కోబా రాసింది.

నీతో సముద్రం ఒడ్డున కూర్చున్నంతసేపూ చెప్పెయ్యాలని నాలుక దురద పెట్టింది. బిగపట్టాను. 

నీ మామయ్య


డోంబుర్గ్, 6 జూన్

అలైదా,

రెండు వారాలైంది. పోస్టు వచ్చినప్పుడల్లా మరీనస్ నాకేసి చూసి మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోతున్నాడు.

మెచ్చుకోమని అడగడం లేదు. కానీ శనివారం తీరిక మానుకుని వచ్చినవాళ్ళకి తర్వాతైనా కాఫీ ఇచ్చి ఒక మాటైనా అనలేదటగా నువ్వు. ఆరెండ్ రాశాడు. ఎదురుపడితే తల తిప్పుకుంటున్నావట. నేనంటే సరే, వాళ్ళేం చేశారు?

క్రైన్


డి లీర్, 9 జూన్

మామయ్యా,

ఈ ఉత్తరం రాయడం మొదలుపెట్టి ఎన్నిసార్లు చింపేశానో. నువ్వు ప్రేమతో చేశావని తెలుసు. అందుకే రాయలేకపోయాను.

ఆ ఆకుల్లో వేటపురుగుల పిల్లలున్నాయి. కాడల్లో వాటి గుడ్లున్నాయి. అందుకే కోసిన ఆకుల్ని మొక్క మొదట్లోనే వదిలేస్తున్నాను. ఆకు వాడేలోగా పిల్లలు బయటికొచ్చి, పాకి మళ్ళీ తీగ ఎక్కుతాయి. పూర్తిగా ఎండాక ఎత్తేస్తాను. నేను బద్ధకించలేదు మామయ్యా. ఆ ఆకులు తొక్కకుండా నడవడానికే రోజూ నడుం విరిగేది.

శనివారం రాత్రి తిరిగొచ్చి తలుపు తీశాను. నేల అద్దంలా ఉంది. నడుమెత్తు దాకా తీగలు బోసిగా ఉన్నాయి. ఎంత శుభ్రంగా చేశారో చూసి అక్కడే కూర్చుని ఏడ్చాను. వేటపురుగులన్నీ ఆ బండెక్కి పోయాయి.

పైన మిగిలినవి ఏ మూలకీ చాలడం లేదు. ఎండలు ముదిరాయి, తెల్లదోమ రెట్టింపవుతోంది. తీగ కదిపితే బూడిద చల్లినట్టు లేస్తోంది. కాయల మీద జిగురు, దాని మీద నల్లటి మసి. పోయిన వారం కోసినదాంట్లో సగం వేలానికి పనికిరాలేదు. వీబె వచ్చి చూశాడు. కొత్త పురుగుల్ని వదిలినా అవి పెరిగేసరికి ఆగస్టు దాటుతుంది, అప్పటికి తోట ఉండదన్నాడు. మందు కొడితే దోమ పోతుంది, తుమ్మెదలూ పోతాయి, మిగిలిన ఆ నాలుగు పురుగులూ పోతాయి. వచ్చే వారం చివరికి నిర్ణయించుకోవాలి. నువ్వు మందు కొట్టేటప్పుడు పెట్టుకునే మాస్కు కొక్కేనికే వేలాడుతోంది. తీసి దుమ్ము దులిపి మళ్ళీ తగిలించాను.

మే నెలలోనే ఇదంతా నీకు రాసి ఉండాల్సింది. పౌరుషానికి పోయాను. ఆరెండ్ బాబాయికి కాఫీ ఇవ్వకపోవడం నా తప్పే. ఆయన నవ్వుతూ "చూశావా, ఎలా మెరుస్తోందో" అంటే తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాను.

తోట ఆయనకే వెళ్తుందేమో. నీ మాట నీకు గుర్తు చెయ్యడానికి రాయలేదు.

అలైదా


డోంబుర్గ్, 13 జూన్

అలైదా,

నీ ఉత్తరం చదివి మరీనస్‌కి ఇచ్చాను. అతను చదివి తిరిగిచ్చాడు. "ఏమన్నా అను" అన్నాను. "నువ్వు మంచి ఉద్దేశంతోనే చేశావుగా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మనవాళ్ళు తప్ప ఇలాంటి పని ఎవరూ చెయ్యరు. చీపురు పట్టుకుని ఒకళ్ళ కొంప ఒకళ్ళం ముంచుతాం. ముంచి, ఆదివారం వచ్చి మెచ్చుకుంటాం.

ఏడ్చి లాభం లేదు గనక ఒకటి ఆలోచించాను. ఆరెండ్ ఏదీ పారెయ్యడు. వంకర మేకు కూడా తిన్నగా కొట్టి దాస్తాడు. అంత పచ్చి ఆకు ఊరికే పారబోస్తాడా? అందుకని వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాను. అవును, నేనే. వాడన్నది నర్సు వింటూ పలక మీద రాసింది. "ఆ ఆకులెక్కడ పోశావురా?" అని నేనరిచిన అరుపుకి ఫిజియోథెరపీ గదిలోంచి కూడా జనం వచ్చారట. నర్సు రాసింది చదివాను: కోబా ఎరువుగుంటలో. ఎక్కడ ఆ గుంట? వంటింటి వెనక, గాజుగదిని ఆనుకుని.

ఆ గదిలో కోబా టమాటాలున్నాయి. ఇంట్లో తినేవి గనక ఆరెండ్‌ని మందు కొట్టనివ్వదు. జెరేనియంలు కూడా ఉన్నాయని నువ్వే రాశావు. ఆ కిటికీ వేసవంతా తెరిచే ఉంటుంది.

ఆకు ఎండుతుంటే నీ పురుగులు ఎటు పాకుతాయి? వెళ్ళి చూడు. ఇది అందగానే వెళ్ళు.

క్రైన్


డి లీర్, 19 జూన్

మామయ్యా!

నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది. తోటపని చెక్కబూట్లు మార్చుకునే ఓపిక కూడా లేక వాటితోనే పరిగెత్తాను. కోబా పిన్ని తలుపు తీసి, నేను నోరు విప్పకముందే మొదలుపెట్టింది. "నువ్వైనా చెప్పవే, నా జెరేనియంల నిండా ఏవో పచ్చ పురుగులు పడ్డాయి. సోమవారం పొద్దున్నే మీ బాబాయి చేత పొగ పెట్టిస్తున్నాను."

ఆకు తిప్పి చూశాను. అవే! తల్లులు, పిల్లలు, పిల్లల పిల్లలు. ఆ గదిలో ఒక్క తెల్లదోమ లేదు. నేను పిన్నిని వాటేసుకున్నాను. ఆవిడకేం అర్థం కాలేదు, చేతిలో చీపురుతోనే నిలబడిపోయింది.

అంతా కూర్చోబెట్టి చెప్పాను. ఆరెండ్ బాబాయి వింటూ వింటూ కుర్చీలో కుంచించుకుపోయాడు. "నేను తోట కావాలనుకున్న మాట నిజమేనే, కానీ ఇలా కాదు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ కావాలనే చేశాడేమోనని లోపల ఒక అనుమానం పెట్టుకున్నాను. అది కూడా నీకు చెప్పాలి.

కుండీలన్నీ మన తోటకి మార్చాలి. తెల్లారితే ఆదివారం. సోమవారం దాకా ఆగుదామని బాబాయి అన్నాడు, ఆదివారం పని చెయ్యకూడదు కదా. పిన్ని ఒప్పుకోలేదు. "చర్చి నుంచి వచ్చాక ప్రతి ఆదివారం నడుస్తాంగా. అలాగే నడుద్దాం. చేతులు ఊరికే ఉండటమెందుకు, బండి తోద్దాం" అంది.

అందుకని నిన్న చర్చి వదిలాక, ఊరంతా వీధిలో ఉండగా, ఆరెండ్ బాబాయి నల్ల కోటూ టోపీతో జెరేనియంల బండి తోసుకుంటూ నడిచాడు. వెనక పిన్ని, నేను, టమాటా కుండీలతో అమ్మ. పాదిరి దారిలో ఆగి "ఏమిటిది ఆరెండ్?" అన్నాడు. "పురుగులండీ" అన్నాడు బాబాయి. బండి ఆపలేదు. చెవులు మాత్రం పూలకన్నా ఎర్రగా ఉన్నాయి.

వరుసకో కుండీ పెట్టాం. ఇక చూడాలి. నీ మాస్కు ముట్టుకోలేదు.

అలైదా


డి లీర్, 14 ఆగస్టు

మామయ్యా,

నీకు తెలియాల్సింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. జూన్ కాపు చాలావరకు పోయింది, జూలై మొదట్లోదీ పోయింది. అది తిరిగి రాదు. జూలై నడిమికి దోమ లేవడం తగ్గింది. ఇప్పుడు దోమని పట్టే పసుపు జిగురు అట్టల మీద అక్కడొకటీ ఇక్కడొకటీ అంటుకుంటున్నాయి, అంతే. కొత్త ఆకులు శుభ్రంగా ఉన్నాయి. కాయలు తుడవక్కర్లేదు. తుమ్మెదలు బతికే ఉన్నాయి, ఈ ఉత్తరం రాస్తుంటే ఒకటి నా కాఫీ కప్పు చుట్టూ తిరుగుతోంది.

నేల మీద ఆకులున్నాయి. మొన్న శనివారం కూడా ఉన్నాయి. ఆరెండ్ బాబాయి ఆదివారం గోడ దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్ళకి అవి ఎందుకున్నాయో తనే చెబుతున్నాడు. తన తోటకి కూడా కొన్ని పురుగులు ఇస్తావా అని పిన్ని చేత అడిగించాడు.

తోట తోటలా ఉంటే అన్నావు. సగం కాలం లేదు మరి. నువ్వేమన్నా నాకు కోపం రాదు. ఎప్పుడొస్తున్నావు?

అలైదా


డోంబుర్గ్, 21 ఆగస్టు

నా తల్లీ,

శనివారం వస్తున్నాను. మీ అమ్మను స్టేషనుకి రావద్దను, దారంతా తిడుతుంది. ఆరెండ్ కారు తెస్తానన్నాడు. తోట సంగతి వాడికి రాసేశాను, ఇక అడగొద్దని. తను జూన్‌లోనే అడగడం మానేశానని జవాబు రాశాడు. గేటు మీద పలక నువ్వే మార్పించుకో. నా పేరు తీసెయ్యాల్సిన పని లేదు గానీ నీది పైన ఉండాలి.

మరీనస్ నిన్న ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ టమాటాలు బాగున్నాయన్నాడు. ఇన్నాళ్ళకి.

డాక్టరు ఒక కర్ర తీసేశాడు. జారే నేల మీద నడవొద్దని మరీమరీ చెప్పాడు. అయినా మూడో వరుస దాకా నడుస్తాను, ఆ పురుగు భోంచెయ్యడం నేనూ చూడాలి. జారితే నీ భుజం ఉందిగా.

నేనొస్తున్నానని బాటలు ఊడవకు.

మామయ్య